జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఏడాదంతా పల్లెల్లో ఏం చేస్తుంది? మన ఇంటికి అందాల్సినవి ఏమిటి?

ఊళ్లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తగ్గకపోతే టౌన్‌లో ప్రైవేటు హాస్పిటల్‌కి వెళ్తాం. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అనే ఆఫీసు ఒకటి ఉందని, అది మన పేరు మీదే ఏడాదికోసారి ప్లాన్ వేసుకుంటుందని చాలా ఇళ్లలో తెలియదు. కరోనా టైంలో డీఎంహెచ్‌ఓ అనే మాట అందరి నోళ్లలో నలిగింది, తర్వాత మళ్లీ మర్చిపోయాం. ఆ ఆఫీసు పని మాత్రం ఆగలేదు. ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగిసే ఖాతా పుస్తకంలాగా ప్రతి ఏడాదీ నడుస్తూనే ఉంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. జిల్లాలో కనిపించే ప్రతి సర్కారు దవాఖానా డీఎంహెచ్‌ఓ కింద ఉండదు. తెలంగాణలో ఏరియా హాస్పిటళ్లు, చాలా సీహెచ్‌సీలు వేరే విభాగం కింద ఉంటాయి. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి వైద్య విద్య డైరెక్టర్ కిందికి వస్తుంది. డీఎంహెచ్‌ఓ చేతిలో ఉండేవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (అదే పీహెచ్‌సీ), వాటి కింద సబ్ సెంటర్లు, ఊరూరా తిరిగే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, ఇంకా టీబీ, మలేరియా, టీకాల వంటి ప్రోగ్రాములు. పెద్దాసుపత్రిలో బెడ్ దొరకలేదని డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు, ఊళ్లో ఏఎన్‌ఎం రాలేదని పెద్దాసుపత్రి సూపరింటెండెంట్‌కు అర్జీ ఇస్తే ఆ కాగితం ఊరికే తిరుగుతుంది.

లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఒక సబ్ సెంటర్, 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలి. ఏజెన్సీ, కొండ ప్రాంతాల్లో ఇది 3 వేలు, 20 వేలు. దాదాపు వెయ్యి మందికి ఒక ఆశా. సబ్ సెంటర్‌ని తెలంగాణలో పల్లె దవాఖానా అన్నారు, ఆంధ్రలో విలేజ్ క్లినిక్ అన్నారు, కేంద్రం ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటోంది. బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా లోపల కూర్చునే ఏఎన్‌ఎం ఆమే, రాసే రిజిస్టర్లు అవే.

లెక్కలు ఎక్కడ మొదలవుతాయి?

నేను కామర్స్ చదివినవాణ్ని, అందుకే ఈ భాగం నాకు ఆసక్తి. ప్రతి ఏడాది జిల్లా ఒక ఆరోగ్య కార్యాచరణ ప్రణాళిక వేసుకోవాలి. జిల్లాలన్నిటివీ కలిపి రాష్ట్రం కేంద్రానికి పంపుతుంది. జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బులో మన లాంటి రాష్ట్రాలకు 60 పైసలు కేంద్రం, 40 పైసలు రాష్ట్రం పెట్టుకోవాలి. ఈ ప్లానులో మన ఇల్లు ఒక అంకె. జనాభాని జననాల రేటుతో హెచ్చించి ఈ సబ్ సెంటర్ పరిధిలో ఈ ఏడాది ఇంతమంది గర్భిణులు, ఇంతమంది పసిపిల్లలు ఉంటారని ముందే అంచనా వేస్తారు. టీకాల డోసులు, ఐరన్ గోలీలు ఆ అంచనాని బట్టే వస్తాయి. నెలనెలా ఏఎన్‌ఎం రిపోర్టు పీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లాకి, అక్కడి నుంచి ఢిల్లీ వరకు కంప్యూటర్‌లో ఎక్కుతుంది.

అంటే మీ ఇంటి పేరు ఆ రిజిస్టర్‌లో లేకపోతే మీ పిల్ల ఆ లెక్కలో లేనట్టే. కొత్తగా ఊరికి వచ్చి అద్దెకు ఉంటున్నవాళ్లు, ఇటుక బట్టీలకు వచ్చినవాళ్లు, గల్ఫ్‌లో భర్త ఉండి అత్తగారింటికీ పుట్టింటికీ మధ్య తిరిగే ఆడపిల్లలు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

పుట్టింటికి వెళ్తే కార్డు కూడా వెళ్లాలి

మన ఇళ్లలో మొదటి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళ్తారు. ఇక్కడి ఆశా రిజిస్టర్‌లో పేరు ఉంటుంది, మనిషి ఉండదు. అక్కడి ఆశాకి మనిషి కనిపిస్తుంది, పేరు ఉండదు. మూడు నెలలకో ఐదు నెలలకో బిడ్డతో తిరిగొచ్చేసరికి మధ్యలో ఒకటో రెండో టీకాలు ఎగిరిపోతాయి. రెండు ఊళ్లవాళ్లూ "అవతలివాళ్లు వేసి ఉంటారు" అనుకుంటారు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, కానీ నష్టపోయేది బిడ్డ.

దీనికి మందు ఆ తల్లీబిడ్డల రక్షణ కార్డే. గర్భం తెలిసిన 12 వారాల లోపు పేరు రాయించుకుంటే ఆర్‌సీహెచ్ నంబర్ వస్తుంది. ఆ నంబర్ దేశంలో ఎక్కడికెళ్లినా పనిచేస్తుంది. టీకాలు ఇప్పుడు యూ-విన్ అనే పోర్టల్‌లో కూడా ఎక్కిస్తున్నారు. పెళ్లి చీరలతోపాటు ఆ కార్డునీ సూట్‌కేసులో పెట్టండి, వెళ్లిన వారంలోనే అక్కడి ఆశాకి చూపించండి.

కాన్పుకు ముందు కనీసం నాలుగు చెకప్‌లు ఉచితం. నెలలో 9వ తారీఖు గర్భిణులకు ప్రత్యేకం. 2016 నుంచి ఆ రోజు సర్కారు దవాఖానాలో డాక్టర్ చూసి ప్రమాదం ఉన్న కేసుల్ని విడిగా గుర్తించాలి. బీపీ, షుగర్, రక్తం తక్కువ, ముందు ఆపరేషన్ అయి ఉండటం ఇలాంటివి. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అంటే సగానికి పైనే. నల్లగా విరేచనం అవుతోందని, కడుపులో తిప్పుతోందని ఐరన్ గోలీలు అల్మారాలో దాచేవాళ్లు చాలామంది. నల్లగా అవడం మామూలే, భయపడేది కాదు. భోజనం తర్వాత వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. చాయ్‌తో మాత్రం వేసుకోవద్దు, చాయ్ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. మన ఇళ్లలో ఇది చెప్పాల్సిన మాటే.

సర్కారు దవాఖానాలో కాన్పు, అవసరమైతే ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రానూపోనూ బండి, ఏదానికీ డబ్బు తీసుకోకూడదు. 2011 నుంచి దేశమంతా ఉన్న జననీ శిశు సురక్ష పథకం ఇదే. అర్జెంటుకు 108, చెకప్‌లకూ కాన్పు తర్వాత ఇంటికి దింపడానికీ 102. ఇక కోతల సంగతి. అదే సర్వేలో తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60.7 ఆపరేషన్లే అని తేలింది. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారులో 44.5 శాతం. సర్కారు అంకె కూడా తక్కువేం కాదు. కానీ ప్రైవేటులో 5 మందిలో నలుగురికి కోత అంటే అందరికీ అవసరమయ్యే చేశారని నమ్మడం కష్టం. ఒక ఆపరేషన్ బిల్లు కోసం బంగారం తాకట్టు పెట్టిన ఇళ్లు మనకు తెలిసినవే.

సూదులు: బుధవారం, శనివారం

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి సూది. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా. వీటితోపాటు ఆయా వయసుల్లో న్యుమోనియా టీకా, పోలియో సూది. 9 నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా, విటమిన్-ఎ. ఏడాదిన్నర ప్రాంతంలో రెండో మీజిల్స్-రుబెల్లా, డీపీటీ బూస్టర్. 5 ఏళ్లు దాటాక మరో డీపీటీ బూస్టర్. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ. మన రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లలో ఈ పని బుధ, శనివారాల్లో జరుగుతుంది.

మొదటి మూడు డోసులు దాదాపు అందరూ వేయిస్తారు. జారిపోయేవి బూస్టర్లు. "నడుస్తున్నాడు, తింటున్నాడు, ఇంకేం సూది" అనుకుంటాం. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ డాక్టర్లు కంఠసర్పి కేసులు చూస్తూనే ఉన్నారు. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు అది. అందులో బడి వయసు పిల్లలు ఎక్కువ. కారణం పెద్ద మిస్టరీ ఏమీ కాదు. పసితనంలో వచ్చిన రక్షణ బూస్టర్ లేకపోతే తగ్గిపోతుంది. మన బస్తీల పిల్లలు అక్కడి వార్డుల్లో కనబడటం మనం దాచుకోవాల్సిన విషయం కాదు, సరిచేసుకోవాల్సిన విషయం.

సూది వేసిన రాత్రి జ్వరం వస్తే ఏఎన్‌ఎం ఇచ్చిన పారాసిటమాల్ చెప్పిన కొలతలో పోయాలి. ఆ ఒక్క రాత్రి ఏడుపు చూసి నానమ్మ తర్వాతి డోసు ఆపించిన ఇళ్లు ఎన్నో. డేట్ దాటిపోయినా పర్వాలేదు, చాలావరకు మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచి వేస్తారు. తిడతారేమోనని దాక్కోవద్దు.

పిల్లలు పుట్టకుండా చేసే సూది అనే పుకారు 2017 ఆగస్టులో మీజిల్స్-రుబెల్లా టీకా మన రాష్ట్రాలకు వచ్చినప్పుడు వాట్సాప్‌లో బాగా తిరిగింది. అదే పుకారు అంతకుముందు పోలియో చుక్కల మీదా ఉండేది. 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఆ చుక్కలు తాగిన పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లయి పిల్లలున్నారు. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో, హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. అయినా చుక్కలు ఆపలేదు. పక్క దేశాల్లో వైరస్ ఇంకా ఉంది.

వానలు పడ్డాక

జూన్ నుంచి అక్టోబర్ వరకు ఈ శాఖకు సీజన్. పీహెచ్‌సీల్లో రాపిడ్ కిట్లు పెడతారు, జ్వరాల సర్వే చేస్తారు, నిల్వ నీళ్లలో మందు చల్లుతారు, బావుల్లో గంబూషియా చేపలు వదులుతారు. పొగ కొడితేనే పని జరిగినట్టు మనకు అనిపిస్తుంది. నిజానికి పొగ ఎగిరే దోమనే చంపుతుంది. నీళ్లలో ఉన్న పురుగు మరో వారానికి దోమయి లేస్తుంది. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని పెట్టింది అందుకే. వారానికోసారి తొట్లు, డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి ఆరబెడితే ఆ చక్రం తెగుతుంది.

మన మసీదుల్లో వజూ హౌజ్ ఉంటే కమిటీ వాళ్లు ఒకసారి పీహెచ్‌సీ సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. హౌజ్ పెద్దదయితే వారం వారం ఖాళీ చేయడం కుదరదు, చేపలు వదిలించుకోవచ్చు. వజూ కోసం పెట్టిన డ్రమ్ములకు మూతలు వేయాలి. శుక్రవారం ఎలాగూ మసీదు కడుగుతారు, అదే రోజు ఈ పనీ అయిపోతుంది.

జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష పనికొస్తుంది. రాపిడ్ కిట్‌లో పాజిటివ్ వచ్చినా డెంగీ అని శాఖ లెక్కల్లోకి ఎక్కేది ఎలైజా పరీక్ష తర్వాతే. తెలంగాణలో పీహెచ్‌సీలో రక్తం ఇస్తే శాంపిల్ జిల్లా కేంద్రంలోని డయాగ్నొస్టిక్స్ హబ్‌కి వెళ్తుంది, పైసా ఖర్చు లేదు. సర్కారు లెక్కకూ పేపర్లో వచ్చే లెక్కకూ తేడా ఎందుకుంటుందంటే సగం కారణం ఇదే. మిగతా సగం గురించి వేరే రాయాలి.

కుక్క కాటు, పాము కాటు కూడా ఈ కాలంలోనే చెప్పుకుందాం. కుక్క కరిస్తే పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి నేరుగా పీహెచ్‌సీకి వెళ్లండి. సర్కారు దవాఖానాల్లో చర్మంలోకి వేసే సూదులు నాలుగు: మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చేలా లోతుగా కరిస్తే గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, దానికి పెద్దాసుపత్రికి రాసిస్తారు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు. పాముకి మంత్రం వేసేవాడి దగ్గర గంట పోగొట్టుకుంటే ఆ గంట ఎవరూ తిరిగివ్వలేరు.

దగ్గు దాచే ఇళ్లు

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ వైపు మన ఆడవాళ్లు వేలమంది బీడీలు చుడతారు. ఒకే గదిలో తంబాకు, అక్కడే పిల్లలు, అక్కడే వంట. దగ్గు వస్తే "తంబాకు ఘాటు" అంటారు. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే తెమడ పరీక్ష చేయించాలి. పరీక్ష ఉచితం, ఆరు నెలల మందులు ఉచితం. తిండికి నెలకు రూ.500 బ్యాంకు ఖాతాలో వేయడం 2018లో మొదలైంది, 2024 నవంబర్ నుంచి దాన్ని రూ.1,000 చేశారు. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్ కూడా టీబీ కేసుని సర్కారుకు తెలపాలి. అందుకే ప్రైవేటులో చూపించుకునేవాళ్లకూ ఈ డబ్బు హక్కే, అడగాలి.

డబ్బుకంటే పెద్ద అడ్డంకి పరువు. పెళ్లి కావాల్సిన అమ్మాయికి టీబీ అంటే సంబంధాలు రావని ఇంట్లో దాస్తారు, ఆశాని గుమ్మం దగ్గరే పంపేస్తారు. మందులు సరిగ్గా మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే చాలామంది నుంచి ఇతరులకు అంటడం బాగా తగ్గిపోతుంది. ఆరు నెలలు పూర్తి చేస్తే నయమవుతుంది. మధ్యలో మానేస్తేనే మందులకు లొంగని టీబీగా మారుతుంది, అప్పుడు దాచడం ఎలాగూ కుదరదు. ఊరి ఆశాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే మండల కేంద్రంలో నేరుగా పరీక్ష చేయించుకోవచ్చు.

బడి, మదర్సా, రంజాన్, హజ్

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల రోజులు. ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు ఆల్బెండజోల్ గోలీ ఇస్తారు, రెండేళ్ల లోపు వాళ్లకు సగం. ఆ రోజు బడికి రాని పిల్లలకు తర్వాతి వారంలో ఇస్తారు. బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఒక డాక్టర్ల టీమ్ అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. గుండెలో రంధ్రం, వినికిడి లోపం, గ్రహణం మొర్రి లాంటివి ఇక్కడే దొరుకుతాయి, పై వైద్యానికి పంపుతారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి రూ.10 లక్షలు. ఈ కార్యక్రమం సర్కారు, ఎయిడెడ్ బడుల కోసం. విరాళాలతో నడిచే మదర్సా ఆ జాబితాలోకి తనంతట తాను రాదు. నాజిమ్ సాబ్ పిల్లల సంఖ్య, వయసులు రాసి పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి ఒక లెటర్ ఇచ్చి అడగాలి. కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

30 దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసి నెలనెలా గోలీలు ఇవ్వడం ఇప్పుడు ఏఎన్‌ఎం పనిలో పెద్ద భాగం. రంజాన్‌కి రెండు మూడు వారాల ముందే డాక్టర్‌ని కలిసి, గోలీలు సెహ్రీకి ఏవి, ఇఫ్తార్‌కి ఏవి అని రాయించుకోవాలి. సొంతంగా మార్చొద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, గర్భంలో షుగర్ ఉన్నవాళ్లు రోజా గురించి డాక్టర్‌తో తప్పనిసరిగా మాట్లాడాలి. వేలు మీద చుక్క రక్తంతో షుగర్ చూసుకుంటే రోజా పోదన్నది చాలామంది ఉలమాలు చెప్పిన మాటే.

హజ్‌కి వెళ్లేవాళ్లకు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) టీకా తప్పనిసరి, సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. జిల్లా కేంద్రాల్లో క్యాంపులు పెట్టి ఈ టీకా, పోలియో చుక్కలు, పెద్దవాళ్లకు ఫ్లూ సూది వేస్తారు. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే చూసుకోండి.

పేరు దగ్గర జాగ్రత్త

పేరంటే గుర్తొచ్చింది, అసలు పెద్ద తలనొప్పి ఇదే. షేక్, సయ్యద్, మొహమ్మద్ అనేవి మన రికార్డుల్లో ఒకచోట ఇంటిపేరు, ఒకచోట మొదటి పేరు. మహబూబ్ బీ ఒక కాగితంలో మెహబూబీ అవుతుంది, ఇంకో దాంట్లో మాబి అవుతుంది. ఏఎన్‌ఎం విన్నట్టు రాస్తుంది, తప్పు ఆమెది అనలేం. మీ ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌ని తెల్లకాగితం మీద రాసి చేతికివ్వండి. కార్డులో రాశాక చదివి చూడండి.

హాస్పిటల్లో కాన్పయితే జననాన్ని హాస్పిటలే నమోదుకు పంపాలి. ఇంట్లో అయితే ఇంటి పెద్ద చెప్పాలి, ఊళ్లో పంచాయతీ కార్యదర్శికి. 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజుల వరకు కొద్దిపాటి ఫీజు. ఆ తర్వాత ఏడాది లోపు పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పేరు ఖాయం కాకపోయినా నమోదు చేయించుకోవచ్చు, ఏడాది లోపు పేరు ఎక్కిస్తే ఫీజు లేదు. మన దగ్గర ఏడో రోజు అకీకాకే పేరు పెట్టేస్తాం కాబట్టి 21 రోజులు దాటాల్సిన పనే లేదు. 2023 అక్టోబర్ 1న లేదా ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం, పాస్‌పోర్టు, ఓటరు జాబితా వంటి వాటికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. ఆ ఒక్క కాగితం విలువ ఇప్పుడు ఎంతో విడమరిచి చెప్పక్కర్లేదు.

సేవ అందకపోతే ముందు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి, తర్వాత డీఎంహెచ్‌ఓకి రాతపూర్వకంగా ఇవ్వండి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. నోటితో చెప్పింది రిజిస్టర్‌లో ఎక్కదు. తేదీ, సబ్ సెంటర్ పేరు, ఏ సేవ అడిగారు, ఎవరు ఏం చెప్పారు, నాలుగు ముక్కలు రాస్తే చాలు. తెలుగులో రాయడం రాకపోతే తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష, ఉర్దూలో కూడా ఇవ్వొచ్చు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.